పదును మీద పందెం

గుంతకల్లు నుంచి డోన్ వైపు వెళ్లే ప్యాసింజరు బండిలో, ఆరుద్ర కార్తె రోజుల్లో, ఎవరెక్కడ దిగుతారో వాళ్ల సామాను చూసి చెప్పేయొచ్చు. గొడుగు, నీళ్ల క్యాను, తువ్వాల్లో కట్టిన రొట్టెల మూట, చుట్టచుట్టిన ప్లాస్టిక్ పట్ట ఉన్నవాళ్లంతా తుగ్గలిలో దిగుతారు. అంతకుముందే ఆ చుట్టుపక్కల గట్టి వాన పడింది. ఇక్కడి ఎర్రనేలలు తడిసి ఆరగానే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర మండలాల చేలల్లోకి జనం వస్తారు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి పేర్లు తొలకరిలో పేపర్లలో కనిపిస్తాయి. కూలికి పోయిన మనిషికి వజ్రం దొరికిందనీ, వ్యాపారి ఇంత డబ్బు, ఇన్ని తులాల బంగారం ఇచ్చి కొనుక్కుపోయాడనీ నాలుగు ముక్కల వార్త వస్తుంది. తర్వాత ఏడాది దాకా ఆ ఊళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

నేను వజ్రం కోసం పోలేదు. దొరుకుతుందన్న భరోసా ఏమాత్రం లేని పనికి ఇంత దూరం వచ్చి, ఎండలో నడుం వంచేవాళ్లు తమకు తాము ఏం చెప్పుకుంటారో వినాలని పోయాను. స్టేషను బయట షేర్ ఆటో అతను అడిగిన మొదటి ప్రశ్న, "రాయి కోసమా, చూసేదానికా?" చూడ్డానికేనన్నాను. "చూసేదానికి వచ్చినోళ్లే సార్, రెండో రోజుకు వంగేది" అని బండి స్టార్ట్ చేశాడు.

జొన్నగిరి దగ్గర రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో మనుషులు. గుంపుగా లేరు. ఎవరి జాగా వాళ్లది, ఎవరి చూపు వాళ్ల కాళ్ల ముందు నేల మీద. పొద్దున పూట సూర్యుడికి ఎదురుగా నడుస్తారు, వాలు వెలుగులో రాయి మెరుస్తుందని. మెరిసినవన్నీ పలుగురాళ్లే. తీస్తారు, ఉమ్మి తడి చేసి తుడుస్తారు, వెలుగుకు ఎత్తి చూస్తారు, పారేస్తారు. పారేసిన రాయినే వెనక వచ్చేవాళ్లు మళ్లీ తీసి చూస్తారు. వాళ్లతో వచ్చిన పిల్లలు ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెల్లో వేసుకుంటున్నారు. ఆ చేలో వెతికింది వెతికినట్టు దొరికినవాళ్లు వాళ్లొక్కరే.

వేపచెట్టు కింద ఒక పెద్దాయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మార్కాపురం వైపు మనిషి. ఒకప్పుడు పలకల గనిలో పనిచేశాడట. బడిపిల్లల పలకలకు గిరాకీ తగ్గాక ఆ పనీ తగ్గింది. రాతిని చూసే కన్ను మాత్రం మిగిలింది, దాన్ని పెట్టుబడిగా పెట్టుకుని ఏటా వస్తాడు. ఎప్పుడైనా దొరికిందా అని అడిగాను. "ఒకసారి చిన్నది. దాని సంగతి వదిలెయ్యండి." వదిలేశాను. లెక్క మాత్రం ఆయనే చెప్పాడు. రానుపోను ఛార్జీ, తిండి, పోయిన కూలి. "అంతకుమించి ఈ నేల నన్నేం చేసుద్ది సార్? పది రోజులుంటా. పదకొండో రోజున కళ్ల ముందు మెరిసినా బండెక్కేస్తానని మా ఇంటిదానికి మాటిచ్చా."

"నిజంగా మెరిస్తే?"

"మెరవదులెండి. అందుకేగా అంత ధైర్యంగా మాటిచ్చింది."

వజ్రాల వేటను పిచ్చి అనో, దురాశ అనో రాసినవి చాలా చదివాను. ఆ పెద్దాయన దగ్గర నాకు పిచ్చి కనపడలేదు. పోగొట్టుకోదగినది ఎంతో ముందే కొలిచి, ఆ కొలత దాటకుండా గిరి గీసుకుని కూర్చున్నాడు. షేర్ మార్కెట్లో దిగే చదువుకున్నవాళ్లలో ఎందరికి ఆ గిరి ఉందో చెప్పలేను.

నేల వైపు నుంచి చూస్తే ఈ పందెం చాలా పాతది. వజ్రం పుట్టేది ఎక్కడో నూటయాభై కిలోమీటర్ల లోతులో, అంతకంటే కింద కూడా. అక్కడి నుంచి కింబర్లైట్ అనే శిల కరిగిన రూపంలో పగుళ్ల గుండా పైకి తన్నుకొస్తే, దాంతో కొట్టుకొస్తుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్న కింబర్లైట్ గొట్టాల వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు. అంత కాలంలో పైభాగాలు అరిగి, వాగులు మోసి, గులకరాళ్ల పొరల్లో కలిపి, ఎక్కడెక్కడో చల్లేశాయి. అందుకే ఇక్కడ వజ్రానికి చిరునామా ఉండదు. ఏ చేలో పడిందో, ఎంత లోతున ఉందో, వాన ఏది పైకి తెస్తుందో ఎవరూ చెప్పలేరు. పదహారో శతాబ్దంలో విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, ఇంత బరువు దాటిన వజ్రాలు రాజుకే చెందాలన్న కట్టుబాటు గురించి రాసిపెట్టాడు. చిన్నవి గనులు గుత్తకు తీసుకున్న నాయకుడికి, పెద్దవి రాజుకు. ఆ ఏర్పాటు ఎవరికి లాభమో వేరే చెప్పక్కర్లేదు గానీ, ఏది ఎవరికి చెందుతుందో మాత్రం అందరికీ ముందే తెలుసు.

ఇప్పుడు అదీ లేదు. రాయి దొరికినవాడు మొదట చేసే పని నోరు మూసుకోవడం. తర్వాత ఎవరో మధ్యవర్తి, ఆయన వెనక ఎవరో వ్యాపారి, రాత్రిపూట ఒక గదిలో బేరం. రాయి బరువెంత, లోపల మచ్చ ఉందా లేదా, సూరత్‌లో దాని ధరెంత, ఇవేవీ అమ్మేవాడికి తెలియవు. కొనేవాడికి అన్నీ తెలుసు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఇలా కాదు. అక్కడ మామూలు మనిషి చిన్న రుసుము కట్టి జానెడు జాగా పట్టా తీసుకుని తవ్వుకోవచ్చు. దొరికితే ప్రభుత్వ వజ్రాల కార్యాలయంలో జమ చేస్తాడు, వాళ్లు తూచి వేలం వేస్తారు, రాయల్టీ పోను మిగిలింది అతనిది. అక్కడా చాలామంది ఉత్త చేతులతోనే పోతారు. కాకపోతే దొరికినవాడు భయపడడు.

మట్టి పెట్టే అనిశ్చితి వేరు, మనుషులు పెట్టే అనిశ్చితి వేరు అని నాకు ఆ చేలోనే తట్టింది. మొదటిదాని ముందు ఈ జనం భలే నిబ్బరంగా ఉన్నారు. వజ్రం దొరక్కపోతే ఏం చేస్తారని అడిగితే నవ్వుతారు. దొరికితే ఏం చేస్తారని అడిగితే ముఖాలు మారిపోతాయి, చుట్టూ చూస్తారు.

చేల యజమానుల గోడు ఇంకొకటి. గట్టు మీద ఒకాయన అట్టముక్కకు సున్నంతో 'పొలంలోకి రావద్దు' అని రాసి కర్రకు కట్టి పాతుతున్నాడు. విత్తనానికి పనికొచ్చే పదునంతా వీళ్ల కాళ్ల కింద గట్టిపడిపోతోందని ఆయన బాధ. కేకలేస్తే పక్క చేలోకి పోతారు, ఆయన అన్నానికి పోగానే తిరిగొస్తారు. "మరి మీరెప్పుడూ వెతకలేదా?" అన్నాను. ఆయన అట్టను సరిచేస్తూ, "మా చేలో మేం వెతికితే తప్పేముంది?" అన్నాడు.

జొన్నగిరిని అశోకుడి దక్షిణాది కేంద్రమైన సువర్ణగిరిగా గుర్తించిన చరిత్రకారులున్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. గుత్తి దారిలో వచ్చే ఎర్రగుడి కొండ బండల మీద మాత్రం ఆయన శాసనాలు అనుమానం లేకుండా ఉన్నాయి. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడేదాకా పండితులెవరికీ వాటి సంగతి తెలియదు. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. ఎందుకలా చెక్కాడోనని పండితులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. నేను బండ మీద కూర్చుని కాసేపు గాలి పీల్చుకుని దిగాను. బంగారం, వజ్రం ఉన్న చోటికి చక్రవర్తులు ఊరికే రారు కదా అనిపించింది.

గుత్తి చేరేసరికి చీకటి పడుతోంది. కోట కింద తెల్లదొరల పాత శ్మశానం ఉంది. థామస్ మన్రోను మొదట అక్కడే పాతిపెట్టారు, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఊరూరా గుడారం వేసుకుని తిరిగినవాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో, పదవి అప్పజెప్పి స్వదేశం పోవడానికి సిద్ధంగా ఉండి కూడా, పాత జిల్లాలు ఒకసారి చూసి పోతానని బయల్దేరాడు. కలరా ఊళ్లను పట్టుకుని ఉంది. పత్తికొండలో జూలై 6న అదే కలరాతో పోయాడు. రాయలసీమలో ఆయన పేరు పిల్లలకు పెట్టుకునేంత మంచి పేరు తెచ్చుకున్నాడు. ఈ చివరి ప్రయాణాన్ని మాత్రం నేను ధైర్యం కింద జమకట్టలేను. అవసరం లేని పందెం అది, వెంట వచ్చిన పరివారాన్ని కూడా అందులోకి లాగాడు.

ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది మన్రో కాదు, బోరు బండి. ఊరి బయట చీనీ తోటలో లైట్లు వెలుగుతున్నాయి, కంప్రెసర్ రొద. చూద్దామని పోయాను. ఈ పక్క తిరిగే బోరు బండ్లు చాలావరకు తమిళనాడు తిరుచెంగోడువి. కుర్రాళ్లు నిలువెల్లా బూడిద రంగు రాతిపొడితో, మాటలు వినపడక సైగలతో పని చేస్తున్నారు. తోట రైతు మంచం మీద కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాడు. పాత బోరు ఎండిపోయింది. చీనీ చెట్లు ఏళ్ల తరబడి పెంచినవి. నీళ్లు లేక ఒక్క ఎండాకాలం ఎండితే కొట్టేసి వంటచెరకుకు అమ్ముకోవాలి. బోరుకు అడుగుకు ఇంత అని రేటు, లోతుకు పోయేకొద్దీ ఆ రేటూ పెరుగుతుంది. నేను పోయేటప్పటికి ఆరువందల అడుగులు దాటింది. పొడి దుమ్మే లేస్తోంది.

బండి ఆగింది. మేస్త్రీ వచ్చి వేళ్లు చూపించాడు: ఇంకో వంద వేయమంటావా? రైతు కొడుకు వద్దన్నట్టు తల ఊపాడు. రైతు వేయమన్నాడు. మళ్లీ ఆగింది, మళ్లీ అదే ప్రశ్న. ఈసారి కొడుకు కూడా ఏమీ అనలేదు. ఇంత పోశాక ఇప్పుడు ఆపితే పోసిందంతా బూడిదే అన్న లెక్క మనిషి చేత ఏదైనా చేయిస్తుంది. ఈ గట్టి రాతినేలలో నీళ్లుండేది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గుతాయే గానీ పెరగవు. ఈ మాట నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. ఆ రొదలో ఎవరు వింటారు? విన్నా, చెట్లకు నీళ్లెవరు పోస్తారు?

జాగా చూపించింది ఎవరని అడిగాను. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచే మనిషి. ఎక్కడ టెంకాయ లేచి నిలబడితే అక్కడ నీళ్లు. దీన్ని వెక్కిరించడం సులువు. రైతు మాత్రం గుడ్డిగా నమ్మినట్టు మాట్లాడలేదు. "నమ్మకమని కాదు సార్. యాడో ఒక చోట మొదులుపెట్టల్ల గదా. నేనే చూపించి పోతే ఇంట్లో నన్నంటారు. ఆయప్ప చూపించి పోతే ఆయప్పనంటారు" అన్నాడు. డబ్బిచ్చి ఆయన కొనుక్కున్నది జోస్యం కాదు, నేరం పంచుకునే మనిషిని. మార్కాపురం పెద్దాయనకూ ఈయనకూ తేడా నాకిక్కడ బాగా కనపడింది. అక్కడ ఆపే రోజు ముందే రాసిపెట్టుకుని ఉంది. ఇక్కడ ఆపడమనే దారే లేదు. ఈయన పిరికివాడై ఉంటే ఎప్పుడో ఆపేవాడు, అప్పూ తగ్గేది.

తెల్లవారుజామున రొద ఆగింది. నీళ్లు పడ్డాయా లేదా అని కనుక్కోవడానికి నేను మళ్లీ ఆ తోట వైపు పోలేదు.

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని గుంతకల్లు మీదుగా వజ్రకరూరు బస్సెక్కాను. దారిలో హంద్రీ-నీవా కాలువ తగిలింది. శ్రీశైలం వెనక నీళ్లను మల్యాల దగ్గర ఎత్తి, ఎత్తు మీద ఎత్తు పోసుకుంటూ జీడిపల్లి దాకా తెస్తారు. కాలువ పక్క చేలు ఒక పచ్చన, కాస్త అవతలివి ఎర్రమట్టి. ఒకే ఊళ్లో గట్టు తేడాతో ఒకాయనకు నిద్ర పడుతుంది, ఒకాయనకు పట్టదు.

వజ్రకరూరులో కింబర్లైట్ శిలల మ్యూజియం ఒకటుంది. భూగర్భ పరిశోధనవాళ్లది. నల్లగా, ఆకుపచ్చగా ఉండే ఆ రాళ్లను చూస్తే వజ్రాల తల్లులని ఎవరూ అనుకోరు. బయట ఆ గొట్టం పైభాగం మామూలు చేలలాగే ఉంది. ఒక చేలో ఆలుమగలు శెనక్కాయ విత్తుతున్నారు. ఆయన ఎద్దుల వెనక గొర్రు పట్టుకున్నాడు, ఆమె ఒళ్లో గింజల మూటతో జడ్డిగంలోకి పిడికిలి వదులుతూ నడుస్తోంది. ట్రాక్టర్లు వచ్చాక ఈ దృశ్యం తగ్గింది. అద్దె భారం పడలేనివాళ్లు, రెండెకరాలవాళ్లు ఇంకా ఇలాగే వేస్తారు. సాలు చివర ఆగి నీళ్లు తాగుతూ నన్నూ కూర్చోమన్నారు.

వర్షం తక్కువగా పడే జిల్లాల్లో దేశంలో జైసల్మేర్ తర్వాత చెప్పేది అనంతపురాన్నే. ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్లు అటూఇటూ. అది కూడా మొత్తం ఎంత పడిందని కాదు, ఎప్పుడు పడిందనేదే ఇక్కడ లెక్క. విత్తడానికి పదును కావాలి. విత్తిన నెలకు పూత వస్తుంది, పూతలోంచి ఊడలు నేలలోకి దిగుతాయి. ఆ ఊడలు దిగే రోజుల్లో నేల గట్టిపడి ఉంటే కాయ పట్టదు. పైన చెట్టు పచ్చగా కళకళ్లాడుతుంది, పీకి చూస్తే కింద రెండు కాయలు. మూడున్నర నెలలు కాపు కాసి, ఫలితం కళ్లకు కనపడకుండా నేలలోపలే తేలిపోయే పంట ఇది. అందుకే ఏడు సాళ్లకో సాలు కంది వేస్తున్నారు. కంది వేళ్లు లోతుకు పోతాయి, శెనక్కాయ పోయినా పెద్ద కార్తెల వానకు కంది నిలబడుతుంది. వజ్రాలు వెతకడానికి వచ్చినవాళ్లకు పేపర్లో ఫోటోలు. వీళ్లు మాత్రం ఉన్నదంతా తెచ్చి మట్టిలో పోస్తారు, ఏటా, ఎవరూ దాన్ని సాహసమనరు.

వాన గురించి భయం లేదా అంటే ఆయన పైకి చూశాడు. "వానకేం భయం సార్. పుట్టినకాన్నుంచి చూస్తనే ఉండాం. వస్తాది, రాదు. రెండే." మరి దేని భయం? ఆమె చెప్పింది. పోయినేడు తెచ్చిన సంచుల్లో సగం గింజ మొలవలేదు. సంచి మీద చీటీ అంతా బాగానే ఉంది. ఎవరినడగాలో తెలీలేదు. పంటల బీమా డబ్బు పక్క ఊరికి వచ్చింది, వీళ్ల ఊరికి రాలేదు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. కాయలు అమ్మడానికి పోతే పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు. ఇవన్నీ ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది, వాన పేరు ఆ లెక్కలో రాలేదు. ఈసారి సంచి విప్పగానే గింజలు తడిబట్టలో చుట్టి మొలక చూసుకున్నాకే చేలోకి తెచ్చారట. ఆ పరీక్ష చేయాలని ఎవరో చెప్పలేదు, ఆమెకే తోచింది.

అంతలో వాళ్లిద్దరి మధ్య పొద్దున్నుంచి నడుస్తున్న తగువు మళ్లీ లేచింది. సగం చేనే విత్తి, సగం గింజ తర్వాతి పదునుకు దాచాలని ఆయన. మొదటిది ఎండిపోయినా రెండోది మిగులుతుందని. తర్వాతి పదును జూలై దాటి వస్తే ఆ గింజ ఏం చేసుకుంటావు, వేయించుకుని తింటావా అని ఆమె. రెండూ న్యాయంగానే ఉన్నాయి. నన్ను తీర్పు అడిగారు. నాకు వ్యవసాయం తెలియదన్నాను. "తెలిసినోళ్లు మాత్రం ఏం చెప్పినారు?" అని ఆమె లేచి కొంగు దోపుకుంది.

"యామయ్యా, వానెప్పుడొస్తాదో నీకు తెల్సునా? నాకూ తెల్దు. లే, గొర్రు పట్టు."

ఆయన లేచాడు. ఉరవకొండ బస్సు వచ్చేలోగా చేను మధ్య వేపచెట్టు దాటి విత్తారు. అది సగమని ఆయన అంటున్నాడు, సగం ఇంకా రాలేదని ఆమె అంటోంది.